మింగ్ వంశ స్థాపకుడు నిజంగా కౌలురైతు కొడుకేనా? ఆధారాలు ఏం చెబుతున్నాయి

మీరు అడిగినవి రెండు. 1368లో మింగ్ వంశాన్ని స్థాపించిన జూ యువాన్‌జాంగ్ పేదరైతు ఇంట పుట్టాడన్నది నిజమా, గద్దెనెక్కాక అల్లించిన కథా? అలాంటి పుట్టుక నుంచి చైనా సింహాసనం ఎక్కినవాడు ఇతనొక్కడేనా?

మొదటిదానికి జవాబు: నిజమే. కాకపోతే ఇంటర్నెట్‌లో తిరిగే "బిచ్చగాడి కొడుకు" అన్న మాట తప్పు. తండ్రి కౌలురైతు. బిచ్చమెత్తింది కొడుకు, అదీ తల్లిదండ్రులు పోయాక, బౌద్ధ భిక్షువు వేషంలో. "తరతరాల కటిక పేదలు" అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. తాత హయాంలో ఆ ఇంటికి సొంత పొలం ఉండేది. అది ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నదే ఈ కుటుంబ చరిత్రలో తెలుసుకోదగ్గ సంగతి.

ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం, ఆ మనిషే రాయించిన రెండు పాఠాలు మనకు దక్కడం. మొదటిది 1363 నాటిది. అప్పటికి అతను చక్రవర్తి కాలేదు, అప్పుడు చైనాను ఏలుతున్న మంగోలుల యువాన్ వంశం మీద లేచిన ఎర్రతలపాగాల తిరుగుబాటు ప్రభుత్వం కింద పెద్ద సేనాని. ఆ ప్రభుత్వం అతని పూర్వీకులు మూడు తరాలకు మరణానంతర బిరుదులిచ్చింది. బిరుదు ఇవ్వాలంటే పేర్లు, ఊళ్ళు కావాలి కదా, ఆ సందర్భంలో తన వంశక్రమాన్ని రాయించాడు. శాసనపాఠం నకళ్ళ రూపంలో మిగిలింది. రెండోది 1378 నాటిది. అన్‌హుయి రాష్ట్రంలోని ఫెంగ్‌యాంగ్‌లో తల్లిదండ్రుల సమాధి దగ్గర ఇప్పటికీ నిలబడి ఉన్న పెద్ద రాతిఫలకం. అంతకుముందు 1369లో వెయ్ సూ అనే పండితుడి చేత ఒక శాసనం రాయించారు. పదేళ్ళు కాకముందే చక్రవర్తికి అది నచ్చకుండా పోయింది. ఆస్థాన పండితులు మెరుగులు దిద్దిన రాత తన వారసులకు హెచ్చరికగా పనికిరాదని అందులోనే చెప్పి, ప్రాసతో సాగే కొత్త పాఠాన్ని తానే కూర్చాడు. అద్దంలో నెరిసిన తల చూసుకుంటే పాత కష్టాలు గుర్తొచ్చాయని మొదలుపెడతాడు. అప్పటికి అతనికి యాభై ఏళ్ళు.

1363 పాఠం ప్రకారం వంశక్రమం ఇదీ. ఇంటి మూలం ఇప్పటి నాన్‌జింగ్‌కు ఆగ్నేయంగా ఉన్న జురోంగ్ ప్రాంతంలో తొంగ్‌ద అనే మండలం, జూ వారి పల్లె. పాఠం ఎక్కగలిగినంత పైకి ఎక్కితే దొరికేది జోంగ్‌బా. అతని మూడో కొడుకు బైలియూ, బైలియూ రెండో కొడుకు సిజియూ, సిజియూ పెద్దకొడుకు చూయి. ఈ చూయి జూ యువాన్‌జాంగ్‌కు తాత. చూయికి ఇద్దరు కొడుకులు, ఊయి, ఊసి. ఊసి తండ్రి. వృత్తి గురించి ఒకే మాట: వ్యవసాయం. మంత్రులు, సేనానులు, పరీక్షలు పాసైన పండితులు ఒక్కరంటే ఒక్కరు లేరు. అబద్ధపు వంశావళి అల్లేవాడు ఇంత బోసిగా వదిలేయడు.

ఆ పేర్లన్నీ అంకెలే. తాత, ఆయన తమ్ముళ్ళ పేర్లు నెల మొదటి రోజు, రెండో రోజు, అయిదో రోజు, పదో రోజు. మన లెక్కలో పాడ్యమి, విదియ, పంచమి, దశమి అన్నట్టు. చక్రవర్తి అసలు పేరు చోంగ్‌బా, అందులో 'బా' అంటే ఎనిమిది. దీనిమీద రెండు ప్రచారాలున్నాయి. మంగోలు యువాన్ ప్రభుత్వం సామాన్యులకు పేర్లు పెట్టుకునే హక్కు తీసేసిందనేది ఒకటి. కానీ ఇలాంటి అంకె పేర్లు మంగోలులు రాకముందే, వాళ్ళకు ముందు ఏలిన సోంగ్ వంశం కాలం నుంచే పల్లెజనంలో ఉన్నాయి. రెండోది, తల్లిదండ్రుల వయసులు కలిపితే 88 వచ్చింది కాబట్టి "జంట ఎనిమిది" అని పెట్టారనేది. లెక్కేసి చూడండి. 1344లో పోయేనాటికి తండ్రికి 64, తల్లికి 59 అని 1378 శాసనం చెబుతోంది. పిల్లవాడు పుట్టిన 1328కి వెనక్కి వెళ్తే 48, 43. మొత్తం 91. కుదరలేదు.

నిజానికి విషయం చాలా మామూలుది. పెదనాన్న ఊయి కొడుకుల పేర్లలో అంకెలు ఒకటి, రెండు, మూడు, అయిదు. ఊసి కొడుకులవి నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది. రెండిళ్ళ మగపిల్లల్నీ పుట్టిన వరసలో ఒకే లెక్కన పిలిచారు, ఇతను ఎనిమిదోవాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వంశక్రమం కల్పితం కాదనడానికి మంచి ఆధారం. తర్వాత ఎవరో కూర్చుని తయారుచేసి ఉంటే వేర్వేరు ఊళ్ళలో పుట్టిన ఎనిమిదిమంది అన్నదమ్ములకు ఇంత సహజంగా, ఎక్కడా తెగకుండా వరస కుదరడం కష్టం.

ఇక జురోంగ్ నుంచి ఎందుకు కదిలారు? కరువు వల్ల కాదు, రిజిస్టరు వల్ల.

యువాన్ ప్రభుత్వం జనాన్ని ఇంటివారీగా వృత్తిరిజిస్టర్లలో ఎక్కించింది. సైనికుల ఇళ్ళు, చేతిపనివాళ్ళ ఇళ్ళు, ఉప్పు వండే ఇళ్ళు, తపాలా మజిలీల ఇళ్ళు, గని పనుల ఇళ్ళు. ఒకసారి ఎక్కితే ఆ బాధ్యత తండ్రి నుంచి కొడుకుకు దిగుతుంది. జూ వారిని బంగారం కడిగే ఇళ్ళ జాబితాలో రాశారు. అంటే ఏటి ఇసకలోంచి బంగారు రజను తీసి ఏటా ఇంత అని ప్రభుత్వానికి అప్పగించాలి. తమాషా ఏమిటంటే జురోంగ్‌లో బంగారం దొరకదు. 1363 పాఠం ఈ మాట స్పష్టంగా అంటుంది: బంగారం అక్కడ పుట్టేది కాదు, వేరేచోట కొనాలి. రైతు చేతికొచ్చేది ధాన్యం. దాన్ని కోతల కాలపు ధరకు అమ్మి, డబ్బు చేసుకుని, ఎక్కడో బంగారం కొని కట్టాలి. రెండు బేరాల్లోనూ నష్టమే. పంట పోయిన ఏడాదికీ మినహాయింపు ఉండదు, ఎందుకంటే అది భూమిమీద పన్ను కాదు, ఇంటిమీద పడ్డ విధి. తాత చూయి కొన్నాళ్ళు భరించి, చివరికి పొలమూ ఇల్లూ వదిలేసి ఇద్దరు కొడుకుల్ని తీసుకుని యాంగ్‌త్సీ దాటి ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ఊయికి పన్నెండేళ్ళు, ఊసికి ఎనిమిది. ఊసి వయసు పట్టి లెక్కేస్తే అది 1288 ప్రాంతం. (చైనా లెక్కలో బిడ్డ పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా ఇంకొకటి. మన లెక్కకు ఒకటో రెండో తక్కువ.)

చేరింది సీజోవ్ పరగణాలోని షూయీ, హ్వాయి నది పక్కన. ఎటో వెళ్ళక అక్కడికే ఎందుకంటే, 1141 ఒప్పందం తర్వాత హ్వాయి నదే దక్షిణాన సోంగ్ రాజ్యానికీ ఉత్తరాన జిన్ రాజ్యానికీ సరిహద్దు. ఆ తర్వాత మంగోలుల యుద్ధాలు. దాదాపు నూటయాభై ఏళ్ళు సేనలు నడిచిన నేల అది. 1279లో సోంగ్ పూర్తిగా పడిపోయేసరికి అక్కడ ఖాళీ భూమి చాలా, దున్నేవాడు తక్కువ. పారిపోయి వచ్చినవాణ్ణి "నీదే ఊరు, ఏ రిజిస్టరు" అని గుచ్చి అడిగేవాళ్ళూ తక్కువే. చూయి అక్కడ భూమి సంపాదించాడు, ఇల్లు నిలబెట్టాడు. ఈ ఒక్క తరమే కాస్త మెరుగ్గా బతికింది. ఆయన పోగానే ఆస్తి కరిగిపోయిందని పాఠం చెబుతుంది.

అక్కడి నుంచి ఊసి జీవితమంతా వలసే. షూయీ నుంచి లింగ్‌బి, హోంగ్, చివరికి హావోజోవ్ పరగణాలోని జోంగ్‌లి, అంటే తర్వాతి ఫెంగ్‌యాంగ్. పిల్లల పుట్టిన ఊళ్ళే దీనికి సాక్ష్యం. పెద్దకొడుకు షూయీలో, మధ్య ఇద్దరు ఊహ అనే చోట, ఆఖరివాడు జోంగ్‌లి చేరాక. జోంగ్‌లిలోనూ ఒకచోట కాదు, తూర్పు పల్లె, పడమటి పల్లె, చివరికి గూజ్వాంగ్ అనే ఊరు. పదేపదే ఎందుకు మారాలి? చరిత్రకారులు సాధారణంగా చెప్పే కారణం కౌలు పద్ధతి తెలిసినవాళ్ళకు కొత్తగా అనిపించదు. బీడు నేలను కౌలుదారు బాగుచేసి పంటకు తెస్తాడు. దిగుబడి పెరగగానే ఆసామి కౌలు పెంచుతాడు, లేదా నేల లాక్కుని వేరేవాడికిస్తాడు. కాగితం లేని కౌలు కాబట్టి అడిగే దిక్కు లేదు.

తల్లి వైపు కథ వేరు, అందరూ వదిలేసేదీ అదే. ఆమె ఇంటిపేరు చెన్. ఆమె తండ్రి దక్షిణ సోంగ్ సేనాని జాంగ్ షిజియె కింద సైనికుడు. 1279లో యాషాన్ సముద్రయుద్ధంలో సోంగ్ నౌకాదళం మునిగినప్పుడు బతికి బయటపడి, తిరిగి సైన్యంలో చేరాల్సి వస్తుందేమోనని షూయీ దగ్గర స్థిరపడి, జోస్యం, మంత్రతంత్రాలు చెప్పుకుంటూ బతికాడు. చాలా ముసలితనం దాకా ఉన్నాడని చెబుతారు. చిన్న కూతురు ఊసి భార్య. మనవడు చక్రవర్తి అయ్యాక ఈ తాతకు రాజు బిరుదు ఇచ్చి, సోంగ్ లియన్ అనే పండితుడి చేత సమాధి శాసనం రాయించాడు. జూ యువాన్‌జాంగ్‌కు జోస్యాలు, శకునాల మీదున్న గురి ఆ ఇంటినుంచి వచ్చిందని కొందరంటారు. అది ఊహే, నేను దానిమీద బరువు పెట్టను.

1344 గురించి 1378 శాసనం చెప్పేంత సూటిగా మరెవరూ చెప్పలేదు. ఆ ఏడు అనావృష్టి, మిడతలు, ఆపైన అంటురోగం. నాలుగో నెల ఆరో రోజున తండ్రి, తొమ్మిదిన పెద్దన్న, ఇరవై రెండున తల్లి పోయారు. పదిహేడు రోజుల్లో మూడు చావులు. పాతిపెట్టడానికి సొంత నేల లేదు. భూస్వామి లియూ ద చోటివ్వనన్నాడు, పైగా అరిచి తరిమాడు. ఈ మాటలు చక్రవర్తి తన తల్లిదండ్రుల సమాధి మీద చెక్కించినవే, భూస్వామి పేరుతో సహా. లియూ జీజూ అనే ఆయన ముందుకొచ్చి తన నేలలో కాస్త ఇచ్చాడు. శవపేటికలు లేవు, చింకిబట్టల్లో చుట్టి మూడడుగుల లోతున కప్పెట్టారు, నైవేద్యం పెట్టడానికీ ఏమీ లేదు.

తర్వాత పొరుగున ఉన్న వాంగ్ అనే ముసలమ్మ అగరొత్తులూ కానుకలూ సర్ది, కొడుకుని తోడిచ్చి అతణ్ణి పక్కనున్న బౌద్ధ మఠానికి పంపింది. చేరిన యాభై రోజులకే మఠంలో గింజలు అయిపోయాయి. మఠానికి వచ్చే ఆదాయమూ కౌలు ధాన్యమే. కౌలుదార్లకే తిండి లేనప్పుడు మఠానికేం వస్తుంది? భిక్షాపాత్ర ఇచ్చి పంపించారు. హ్వాయి నదికి పడమర పల్లెల్లో, హెనాన్‌లో మూడేళ్ళకు పైగా తిరిగి 1348లో వెనక్కొచ్చాడు. 1352లో గువో జీశింగ్ అనే తిరుగుబాటు నాయకుడి దండులో మామూలు సిపాయిగా చేరాడు. అక్కడి నుంచి పదహారేళ్ళలో సింహాసనం దాకా సాగిన నడక యుద్ధచరిత్ర, మీ ప్రశ్నకు అవసరం లేదు.

ఆధారాలు ఒకదానితో ఒకటి పోట్లాడినప్పుడు ఏది పట్టుకోవాలన్నది చూద్దాం. తరాలు, ఊళ్ళు, వలసల విషయంలో 1363 పాఠం. 1344 చావుల విషయంలో 1378 శాసనం. ఆ తర్వాతే ఆస్థాన దినచర్య గ్రంథం. దాన్ని చక్రవర్తి పోయాక రాసి, రెండుసార్లు తిరగరాశారు, మనకున్నది 1418లో ముగిసిన మూడో రూపం. తల్లికి కలలో ఎవరో గుళిక ఇవ్వడం, పుట్టినప్పుడు గదంతా ఎర్రని వెలుగు నిండడం లాంటివి అలాంటి చోట కనిపిస్తాయి, రెండు శాసనాల్లోనూ ఉండవు. మింగ్ వంశపు అధికారిక చరిత్ర తర్వాత వచ్చిన చింగ్ వంశం కాలంలో, 1739కి గానీ పూర్తికాలేదు. పశువులు కాస్తూ యజమాని దూడను కోసుకు తిన్నాడు లాంటివి జానపద కథలు.

శాసనాలను కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. పేదరికాన్ని చెప్పుకోవడంలో అతనికి లాభం ఉంది. వంశబలం, ధనబలం, విద్య ఏదీ లేనివాడు గెలిచాడంటే అది దైవనిర్ణయం కాక మరేమిటి అన్న వాదన అందులో దాగి ఉంది. అందుకే 1378 శాసనం తండ్రి దగ్గరే మొదలవుతుంది. తాత సంపాదించిన పొలం, బంగారు రిజిస్టరు అందులో రావు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే పూర్తి బొమ్మ వస్తుంది. అయితే దాచిపెట్టడం వేరు, కల్పించడం వేరు. కల్పించాడనడానికి ఏమీ కనిపించదు.

కల్పించే అవకాశం లేక కాదు. అతని ఇంటిపేరు, పన్నెండో శతాబ్దపు మహా తత్వవేత్త జూ షీ ఇంటిపేరు ఒకటే. ఆయన్ను పూర్వీకుణ్ణి చేసుకుందామని పండితులు సూచించారనీ, అదే ఇంటిపేరున్న ఒక చిన్న ఉద్యోగిని "నువ్వు జూ షీ వంశమా" అని అడిగితే కాదన్నాడనీ, వాడే చెప్పుకోనిది నేనెందుకు చెప్పుకోవాలని చక్రవర్తి మానుకున్నాడనీ ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ ఫలితం నిజం. అధికారికంగా పూజలందుకున్నవాళ్ళు ఆ అంకె పేర్ల రైతులే. 1368లో గద్దెనెక్కగానే నాలుగు తరాల పూర్వీకులకు చక్రవర్తి హోదా ఇచ్చాడు, బైలియూ నుంచి ఊసి దాకా. "భిక్షువు" అని స్ఫురించే అక్షరం రాసినందుకు పండితుల తలలు తీయించాడన్న కథలను కూడా దీనితో పోల్చి తూచాలి. తన భిక్షాటనను తానే రాతిమీద చెక్కించినవాడి గురించి తర్వాతికాలంలో పుట్టిన ఆ కథల్లో చాలావాటిని చరిత్రకారులు నమ్మరు.

సమాధుల సంగతి. 1366లో ఊరికి వచ్చినప్పుడు తల్లిదండ్రుల అస్థికలు తీసి ఘనంగా మళ్ళీ పాతిపెట్టాలనుకున్నాడు. తవ్వితే స్థలబలం చెదురుతుందని మానుకుని, ఉన్నచోటే మట్టి ఎత్తుచేసి, పాత ఇరుగుపొరుగు ఇరవై కుటుంబాలను కాపలాకు పెట్టాడు. వాళ్ళను చూసుకునే పని ముసలమ్మ వాంగ్ ఇంటివాళ్ళకూ, నేల ఇచ్చిన లియూ జీజూ కొడుక్కూ అప్పగించాడు. జీజూకు మరణానంతరం ప్రభువు బిరుదు దక్కింది. తాత సమాధి సంగతి ఇంకా విచిత్రం. 1384లో ఒక బంధువు చూపించేదాకా అది ఎక్కడుందో రాజకుటుంబానికే తెలియదు. తర్వాత అక్కడ కట్టిన సమాధిక్షేత్రం 1680లో సీజోవ్ పట్టణంతో పాటు హోంగ్‌జ సరస్సులో మునిగింది. 1960లలో నీళ్ళు తగ్గినప్పుడు రాతివిగ్రహాలు బయటపడ్డాయి.

ఈ పుట్టుక అతని పాలనలో ఎలా కనిపించింది అంటే, రెండు రకాలుగా. ఒకవైపు రైతు చూపు: 1365లోనే, అయిదు నుంచి పది మూ నేల ఉన్న ప్రతి రైతూ మల్బరీ, జనుము, పత్తి ఒక్కోటి అర మూ వేయాలని ఆజ్ఞ. మూ అంటే మన లెక్కలో పధ్నాలుగు పదహారు సెంట్లు. అంటే ఎకరంన్నర లోపు కమతం గురించి ఒక సేనాని ఆజ్ఞ రాయిస్తున్నాడు. 1381లో రైతులకు పట్టు కట్టుకునే అనుమతి ఇచ్చి, వ్యాపారి ఇళ్ళకు నిషేధించాడు.

రెండోవైపు, తాతను ఊరు వదిలించిన పద్ధతినే దేశమంతా బిగించాడు. 1381 నుంచి ఇంటింటి వివరాలు ఎక్కించే పసుపు రిజిస్టర్లు, పదేళ్ళకోసారి తిరగరాత, 110 ఇళ్ళకు ఒక గుంపు. సైనికుల ఇల్లు, చేతిపనివాళ్ళ ఇల్లు, ఉప్పు వండే ఇల్లు అన్న వంశపారంపర్య విభాగాలు యువాన్ నుంచి దాదాపు అలాగే కొనసాగాయి. వంద లీ, అంటే యాభై కిలోమీటర్ల పైచిలుకు, దాటి వెళ్ళాలంటే అనుమతిపత్రం కావాలి. మింగ్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది: ప్రభుత్వ సేవ తప్పించుకోడానికి పొరుగు పరగణాకో జిల్లాకో పారిపోయిన ఇంటివాడికి వంద బెత్తం దెబ్బలు, తిరిగి పాత ఊరికి పంపి అదే సేవ చేయించడం. ఈ చట్టం 1288లో ఉండి అమలై ఉంటే చూయి జురోంగ్‌లోనే బంగారం కొంటూ ఉండేవాడు.

తన ఇంటి విషయంలో మాత్రం అంకె పేర్లకు పూర్తిగా స్వస్తి చెప్పాడు. ఒక్కో కొడుకు శాఖకు ఇరవై అక్షరాల పద్యం కూర్చి, తరానికొక అక్షరం చొప్పున పేరులో రావాలన్నాడు. దానికి తోడు చివరి అక్షరంలో పంచతత్వాలు వరసగా తిరగాలి: కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు. ఇరవై ఆరుమంది కొడుకుల సంతతి కొన్ని తరాల్లో వేలల్లోకి పెరిగేసరికి పేర్లకు ఎవరికీ తెలియని అక్షరాలు వెతకాల్సి వచ్చింది.

ఇక రెండో ప్రశ్న. ఇతనొక్కడే కాదు. క్రీస్తుపూర్వం 202లో చక్రవర్తి అయిన హాన్ వంశ స్థాపకుడు లియూ బాంగ్ కూడా పెయ్ జిల్లాలోని పల్లె రైతు కొడుకే. తల్లిదండ్రుల అసలు పేర్లు కూడా చరిత్రకెక్కలేదు, "పెద్దాయన", "పెద్దమ్మ" అన్న తరహా పిలుపులే మిగిలాయి. కానీ అతను తిరుగుబాటుకు ముందే చిన్న సర్కారు ఉద్యోగి, ఒక మజిలీ అధికారి. కింద మనుషులున్నారు, జిల్లా గుమాస్తాలతో స్నేహాలున్నాయి, ఇంటికి తిండిగింజలు పండే పొలం ఉంది. జూ యువాన్‌జాంగ్‌కు అవేవీ లేవు. దేశాన్ని ఏలిన పెద్ద వంశాల స్థాపకుల్లో మిగతావాళ్ళు దాదాపు అందరూ కులీనులో, సేనానుల కొడుకులో. కాబట్టి "రైతు చక్రవర్తులు" ఇద్దరంటే ఒప్పుకోవచ్చు. ఎవరు ఎక్కువ అట్టడుగు నుంచి వచ్చారంటే, నా లెక్కలో జూ యువాన్‌జాంగే, బాగా తేడాతో.